రాతిగుట్టల మీద శుశ్రూష

ఫిల్మ్‌నగర్ ఎత్తునుండి జూబిలీహిల్స్‌లోనికి దిగివచ్చు దారిలో ఉదయము ఎనిమిది గంటల వేళ రెండు జనప్రవాహములు ఎదురెదురుగా సాగుచుండును. ఒకటి షూటింగునకు పోవునది: యూనిట్ వ్యానులు, లైట్ల లారీలు, నిద్ర ఇంకను తీరని జూనియర్ ఆర్టిస్టులు. రెండవది రాత్రి డ్యూటీ ముగించుకొని ఆసుపత్రి వాకిలి దాటి వచ్చునది: జడను ముడిగా చుట్టి క్లిప్పు పెట్టుకొని, యూనిఫారముపై స్వెటరు వేసికొని, టిఫిను డబ్బా సంచి చేతబట్టి ఆటో కొరకు నిలుచు నర్సులు. ఒకనాడు వారిలో ఒకామె నా ప్రక్కనే నిలిచి, "బాక్సు పెట్టుకున్నావా నాన్నా? వచ్చేస్తున్నా" అని ఫోనులో కొడుకుతో చెప్పి, అది ముగిసీ ముగియకముందే తాను విడిచివచ్చిన వార్డునకు మరల ఫోను చేసి, "అక్కా, పదకొండో బెడ్ తాతకి కుడిచెవి వినపడదు. ఎడమపక్క నిలబడి చెప్పండి, లేకపోతే కంగారుపడతాడు. హ్యాండోవర్‌లో చెప్పడం మర్చిపోయా" అనెను.

ఆ రెండవ ఫోను ఏ ఉద్యోగ నియమావళిలోను లేదు. చేయకపోయినను ఆమెను అడుగువారు లేరు. చేసినందుకు ఆమె జీతములో ఒక రూపాయి పెరగదు. అప్పటికి ఆమె డ్యూటీ ముగిసి అర్ధగంట దాటినది. అయినను ఆసుపత్రి అను మహాయంత్రము నిజముగా నడచుచున్నది ఇట్టి పనుల వలననే యని నేను నమ్ముదును. ఈ గుట్టల మీద ఆసుపత్రులు వెలసిన చరిత్రను చాలమంది చెప్పినారు. ఆ ఫోను చరిత్రను చెప్పినవారు తక్కువ.

బంజారాల తండాలును రాతిబండలును తప్ప వేరేమియు లేని ఈ గుట్టల అంచున మెహదీ నవాజ్ జంగ్ అను నిజాము ప్రభుత్వాధికారి మొదట ఇల్లు కట్టుకొనెను. 1960 దశకములో చల్లగళ్ల నరసింహారావు పూనికతో జూబిలీహిల్స్ గృహనిర్మాణ సహకార సంఘము ఏర్పడి, బండల నడుమ ప్లాట్లు గీయుటతో ఊరు ఇటు సాగెను. చిత్రపరిశ్రమ మద్రాసు విడిచి వచ్చుట ఒక్కనాటి పని కాదు. అక్కినేని నాగేశ్వరరావు 1974లో అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని వచ్చి, ఆ వెనువెంటనే ఇక్కడ అన్నపూర్ణ స్టూడియో కట్టుటకు పూనుకొనెను. తరువాత పదునైదేండ్లకు రామానాయుడు స్టూడియో ఫిల్మ్‌నగర్ గుట్టపై వెలసెను. ఆనాడు గుండెకు ఇట్టి శస్త్రచికిత్స కావలెనన్న తరచు సముద్రములు దాటవలసివచ్చెడిది, దాటుటకు ధనము కావలెను. 1979లో మద్రాసులో డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి వద్దకు వచ్చిన ఒక యువకుడు, అమెరికా పోవుటకు సొమ్ము కూడక మరణించినందుననే ఆయన 1983లో అక్కడ అపోలో ఆసుపత్రిని నెలకొల్పెననియు, 1988లో జూబిలీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్ చెంతనే, రెండవ పెద్ద ఆసుపత్రిని తెరచెననియు తెలిసినదే.

ఆ చుట్టుప్రక్కల వెలసిన తక్కిన ఆరోగ్యసంస్థలకు సినిమావారి సంబంధము మరింత దగ్గరిది. రోచెస్టరులో పనిచేసి 1981లో తిరిగివచ్చిన నేత్రవైద్యుడు గుళ్లపల్లి నాగేశ్వరరావు తలపెట్టిన కంటి ఆసుపత్రికి దర్శకనిర్మాత ఎల్.వి. ప్రసాద్ కోటి రూపాయలును, బంజారాహిల్స్‌లో ఐదెకరముల స్థలమును ఇచ్చెను; 1987లో తలుపులు తెరచిన ఆ సంస్థ నేటికిని ఆయన పేరనే ఉన్నది. క్యాన్సరు వ్యాధితో 1985లో మరణించిన భార్య బసవతారకము స్మృతికై ఎన్.టి. రామారావు సంకల్పించిన ఆసుపత్రిని, ఆయన పోయిన నాలుగేండ్లకు, 2000 జూన్ 22న ప్రధాని వాజపేయి ప్రారంభించెను. 1998 అక్టోబరు 2న చిరంజీవి ధర్మసంస్థ జూబిలీహిల్స్‌లో రక్తనిధిని, నేత్రనిధిని స్థాపించగా, వెండితెర ముందు ఈలలు వేసిన పిల్లలే వరుసలో నిలుచుండి చేయి చాచి రక్తమిచ్చిరి. ఒక దాత ఔదార్యము ఒకచోట, పోయిన ప్రాణమునకు దుఃఖము వేరొకచోట, అభిమానుల ఉత్సాహము ఇంకొకచోట రాళ్లను గోడలుగా నిలిపినవి.

ఐతే గోడలు శుశ్రూష చేయవు. చికిత్సకు నాలుగు పాదములున్నవని చరకుడు సూత్రస్థానములో చెప్పెను: వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి. ఉపస్థాత యనగా దగ్గర నిలిచి సేవచేయు మనిషి. నేటి మాటలో నర్సు. ఆ మనిషికి ఉండవలసిన గుణములు నాలుగని ఆచార్యుడు లెక్కించెను: ఉపచారము తెలిసియుండుట, దక్షత, అనురాగము, శౌచము. సుమారు రెండువేల యేండ్ల క్రిందటనే ఒక శాస్త్రకారుడు అనురాగమును ఉద్యోగార్హతగా వ్రాసినాడన్న విషయము నన్ను ఎప్పుడును ఆశ్చర్యపరచును. వైద్యుని నారాయణునితో పోల్చి మ్రొక్కిన మనకు, ఉపస్థాతను ఏమని పిలువవలెనో మాత్రము చాలకాలము తెలియలేదు. పరాయివారి దేహమును తాకుట, రాత్రులు ఇల్లు విడిచియుండుట, మలమూత్రములు ఎత్తుట అను మూడు కారణములచేత తెలుగునాట పరువుగల కుటుంబమని చెప్పుకొనువారు ఆడపిల్లలను ఈ పనికి పంపలేదు. 1883లో గుంటూరునకు వచ్చిన అమెరికన్ వైద్యురాలు ఆనా కుగ్లర్ వంటివారు నెలకొల్పిన మిషన్ ఆసుపత్రులలో క్రైస్తవ కుటుంబముల బాలికలు ఈ విద్యను మొదట చేపట్టిరి. పిమ్మట కేరళనుండి యువతులు రైళ్లలో దిగి, మన భాషను రోగుల మూలుగులనుండి నేర్చుకొనిరి. క్రైస్తవ సన్యాసినుల పిలుపు ఆసుపత్రికి వచ్చి "సిస్టర్" అయినది. దానికి మన రోగి "అమ్మ"ను చేర్చి "సిస్టరమ్మ" చేసికొనెను. ఆ చేర్పు మన భాష చేసిన గొప్ప న్యాయమని నా యభిప్రాయము.

ఇక్కడ నేను 1960వ సంవత్సరమునకు పోవలెను. ఆ యేడు గుత్తా రామినీడు దర్శకత్వమున "చివరకు మిగిలేది" అను చిత్రము వచ్చెను. ఆశుతోష్ ముఖోపాధ్యాయ కథను ఆధారము చేసికొని బెంగాలీలో అంతకు ముందటి యేడు వచ్చిన "దీప్ జ్వేలే జాయ్" చిత్రమునకు అది తెలుగు రూపము. మానసిక వైద్యశాలలో నర్సుగా సావిత్రి నటించెను. ప్రేమలో దెబ్బతిని మతి చెదరిన రోగికి ప్రేమను నటించి చూపినచో స్వస్థుడగునని ఒక వైద్యుడు తలచి, ఆ నటనను ఆమె కప్పగించును. రోగి బాగుపడి తన దారిన పోవును; నటన యనుకొన్నది ఆమె హృదయములో నిజమై నిలిచియుండును. ఆమె నోరు విప్పి చెప్పదు. రెండవ రోగి వచ్చును. అదే మందు మరల ఆమెనే అడుగుదురు. అతడును బాగుపడును. చివరకు ఆమెయే ఆ వైద్యశాలలో రోగియై లోపల మిగిలిపోవును.

మన సినిమాలలో డాక్టరు పాత్రలు కోకొల్లలు. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, ఆపరేషన్ థియేటరు మీద ఎఱ్ఱ దీపము ఆరగానే తలుపు తెరచి వచ్చుట మనకు కంఠోపాఠము. నర్సు మాత్రము ట్రే పట్టుకొని వెనుక నిలుచును. ఆ వెనుక నిలుచు మనిషిని ముందుకు తెచ్చి, ఆమె మంచితనము ఊరెడు ఊట కాదనియు, తోడినకొద్దీ అడుగంటు బావి యనియు చూపిన చిత్రము ఇదొక్కటే యనిపించును. ఈ చిత్రముతోనే తెరకెక్కిన వారిలో మందాడి ప్రభాకరరెడ్డి యొకరు. ఆయన ఉస్మానియా వైద్యకళాశాలలో చదివిన డాక్టరు. ఆయన పేరు ఈ వ్యాసములో మరల రావలసియున్నది.

అదే 1960లో లండనులో ఇసబెల్ మెంజీస్ అను పరిశోధకురాలు ఒక పెద్ద బోధనాసుపత్రి నర్సులను గూర్చిన తన పరిశీలనను ప్రకటించెను. శిక్షణకు చేరిన బాలికలలో మూడవవంతు మంది మధ్యలో విడిచిపోవుచుండిరి. కారణమేమని ఆ ఆసుపత్రివారే ఆమెను పిలిచిరి. ఆమె కనుగొన్నది సున్నితమైన విషయము. మరణమును, నొప్పిని, అపరిచిత దేహమును నిత్యము ఎదుర్కొను మనిషికి కలుగు భయమును కప్పిపెట్టుటకై ఆసుపత్రి తనకు తెలియకయే ఒక పద్ధతిని అల్లుకొనియున్నది: ఒక నర్సు ఒక రోగితో ఎక్కువసేపు ఉండరాదు, పనిని ముక్కలు చేసి అందరికి అన్ని మంచములు పంచవలెను, రోగికి పేరు బదులు మంచము సంఖ్యయు, చెడిన అవయవమును చాలును. ఈ కవచము భయమును తగ్గింపలేదు. పైపెచ్చు, ఏ తృప్తికై ఆ బాలికలు ఈ వృత్తికి వచ్చిరో ఆ తృప్తినే హరించెను. ప్రేమను హద్దులేక పిండిన వైద్యశాల తెలుగు చిత్రములోనిది; ప్రేమ పుట్టకుండ కట్టుదిట్టము చేసిన వైద్యశాల లండనులోనిది. రెండింటను నష్టపోయినది ఆ నర్సే.

ఈ చింతన పండితులలో క్రమముగా పెరిగెను. న్యూయార్కు నగరములో ఉచిత వైద్యశాలలో సేవచేసిన ఫ్రాయిడెన్‌బర్గర్, ఉత్సాహముతో వచ్చిన కార్యకర్తలు ఏడాది తిరుగకముందే బూడిదయగుట చూచి, 1974లో ఆ స్థితికి బర్నవుట్ అని పేరు పెట్టెను. 1983లో ఆర్లీ హోష్‌చైల్డ్ విమానపరిచారికల చిరునవ్వును పరిశీలించి, జీతము కొరకు భావమును తెచ్చిపెట్టుకొనుట కూడ ఒక శ్రమయే యని నిరూపించెను. ఈ విదుషి తన మాటలను నాటకశాల నుండియే, స్టానిస్లావ్‌స్కీ నటనశిక్షణ నుండియే తెచ్చుకొనెను: ముఖముపై మాత్రము పూసికొను నటన ఒకటి, లోపలనుండి నిజముగా తెప్పించుకొను నటన ఇంకొకటి. ఫిల్మ్‌నగర్‌లో ఎవరిని అడిగినను ఈ భేదము చెప్పగలరు. ఏడ్పు సన్నివేశము ముగిసిన తరువాత నటికి దర్శకుడు "కట్" చెప్పును, అసిస్టెంటు కుర్చీ వేయును, ఎవరో మంచినీళ్లు తెత్తురు. నాలుగవ అంతస్తు ఐసీయూలో ఒక కుటుంబమును ఓదార్చి వెనుదిరిగిన నర్సుకు ప్రక్క మంచము మానిటరు మ్రోగును. ఆమె ముఖము తుడుచుకొనుటకు ముందు చేతులు కడుగుకొనవలెను.

జూబిలీహిల్స్ ఆసుపత్రి తెరచిన 1988లోనే అమెరికాలో డెన్నిస్ ఆర్గన్ అను ఆచార్యుడు, నేను మొదట చెప్పిన ఫోను వంటి పనులనుగూర్చి ఒక గ్రంథము వెలువరించెను. నియమావళిలో లేనిది, అడుగకయే చేయునది, బహుమానము లేనిది, అయినను సంస్థను నిలుపునది: ఇట్టి వర్తనమునకు ఆయన పేరు పెట్టి, తోటివారికి సాయము, నియమనిష్ఠ, చిన్న కష్టములకు సణుగకుండుట, ఇతరులకు చిక్కు రాకుండ ముందుగా తెలుపుట, సంస్థ మేలు తనదిగా తలచుట అని విభజించెను. అంతట పెద్ద ప్రశ్న వచ్చెను: ఇది కొందరికి పుట్టుకతో వచ్చు స్వభావమా? మన పెద్దలైతే "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని ఒక్క మాటలో తేల్చియుందురు. ఆర్గన్, రయాన్ అనువారు 1995లో 55 అధ్యయనములను కలిపి చూచిరి. స్వభావములలో నియమనిష్ఠ యొక్కటే చెప్పదగినంత సంబంధము చూపినది. తక్కిన స్వభావగుణములకంటె, పనిలో తృప్తియు, తనకు న్యాయము జరుగుచున్నదన్న నమ్మకమును ఈ సాయబుద్ధితో ఎక్కువగా ముడిపడియుండెను.

ఈ ఫలితము ఆసుపత్రి యజమానులు ప్రతి ఉదయము చదువుకొనదగినది. ఎందువలననగా మన ఆసుపత్రులలో మంచి స్వభావముగల నర్సును వెదకి తెచ్చుటకు పడు శ్రమలో సగము, ఆ స్వభావమును బ్రతికించుటకు పడరు. "మెత్తగా ఉంటే మొత్తబుద్ధి" అన్న సామెత వార్డులో అక్షరాల జరుగును. కాదనలేని పిల్లకే డబుల్ డ్యూటీ, నవ్వుముఖము పిల్లకే కోపిష్ఠి అటెండెంట్లు, ఓపికగల పిల్లకే పండుగనాటి రాత్రి. ఐదేండ్లు గడచునప్పటికి ఆమెయు ఇతరులవలెనే మాట తగ్గించుకొనును. అప్పుడు "ఆ పిల్ల మునుపటిలా లేదు" అందురు. ఆ మార్పునకు కారణము స్వభావము కాదు, లెక్క. భారత నర్సింగు మండలి చెప్పిన ప్రమాణము బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒక్క రోగికి ఒకరు. ఆ ప్రమాణమునకును, అర్ధరాత్రి వార్డులో కనబడు సంఖ్యకును ఎంత దూరమో రోగితో రాత్రి మేలుకొన్న ప్రతి బంధువునకు తెలియును. పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులను పరిశీలించి లిండా ఐకెన్ బృందము 2002లో ప్రకటించిన దానినిబట్టి, నర్సుకు ఒక్క రోగి అదనముగా చేరినకొద్దీ శస్త్రచికిత్స రోగుల మరణసంభావ్యత 7 శాతము, నర్సుల బర్నవుట్ సంభావ్యత 23 శాతము పెరుగుచున్నది. ఒకే బరువు రెండు ప్రాణములను క్రుంగదీయుచున్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమెందుకు?

జీతముల సంగతి త్వరగా చెప్పి ముగింతును, ఏలయన అది చెప్పినకొద్దీ బాధ. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశముపై కేంద్రము వేసిన సంఘము, 200కు మించి మంచములున్న ప్రైవేటు ఆసుపత్రులలో నర్సుల వేతనము ప్రభుత్వ నర్సులతో సమానముగా ఉండవలెననియు, 50 మంచములకు లోపు చోట్లనైనను నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనియు సిఫారసు చేసెను. అమలు రాష్ట్రములకు విడిచిపెట్టబడెను. విడిచిపెట్టబడినది చాలచోట్ల అట్లే ఉన్నది.

ఈ గుట్టల ఆసుపత్రులలో నేను చూచిన పనులన్నింటిలో అతికఠినమైనది నేత్రనిధి సలహాదారుది. ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో 1989లో రామాయమ్మ పేర నేత్రనిధి వెలసినప్పటినుండి ఈ పనికి ఇక్కడ ఒక సంప్రదాయమేర్పడినది. మరణించిన ఆరు గంటలలోపల కార్నియా సేకరింపవలెను. అనగా కుటుంబము గుండెలు బాదుకొనుచున్న ఘడియలలోనే అడుగవలెను. ఒక పెద్దాసుపత్రి వరండాలో ఇట్టి పనిలో ఉన్న ఒకామెను దగ్గరగా గమనించితిని. డాక్టరు వార్త చెప్పి వెళ్లిన తరువాత ఆమె చాలసేపు దూరముననే నిలిచెను. తరువాత వచ్చి కళ్ల ప్రసక్తి తేలేదు. నేలపై కూర్చున్న ముసలామె ప్రక్క తానును నేలపైననే కూర్చుండి, నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చెను. పిమ్మట పెద్దకొడుకును ప్రక్కకు పిలిచి, డెత్ సర్టిఫికెట్టు కాగితములు ఏ కౌంటరులో, వాహనమునకు ఎవరిని అడుగవలెనో చెప్పెను. అంతయు అయిన తరువాత, చాల నెమ్మదిగా, "అన్నా, నాన్నగారి కళ్లు ఇంకో ఇద్దరు చూడడానికి పనికొస్తాయి. ఇష్టమైతేనే" అనెను. ఆ కొడుకు తల అడ్డముగా ఊపెను. ఆమె "సరే అన్నా" అని, కౌంటరు వరకు అతనితో నడచి, వరుసలో అతని బదులు తాను నిలిచెను. కాదన్నవాని కొరకు నిలిచిన ఆ పది నిమిషములు ఏ రిజిస్టరులోను ఎక్కవు. ఆమె ఆనాటి పేజీలో ఉండునది "నిరాకరణ" అన్న మాట యొక్కటే. ఆమె రోజునకు ఎన్ని మరణముల ప్రక్కన నేలపై కూర్చుండునో, రాత్రి ఇంటికి పోయి ఎవరితో ఏమి చెప్పుకొనునో అడుగు ధైర్యము నాకు లేకపోయెను.

కోవిడ్ మహమ్మారి వేళ, 2020 మార్చి 22న సాయంకాలము ఐదు గంటలకు ఈ కొండల మేడలపైనుండి తారలును, అపార్టుమెంట్ల బాల్కనీల నుండి సామాన్యులును వైద్యసిబ్బంది గౌరవార్థము చప్పట్లు కొట్టిరి, పళ్లెములు మ్రోగించిరి. ఆ ధ్వని నిజమైనదే. దానిని నేను తక్కువ చేయను. కాని నెల తిరుగునంతలో ఏప్రిల్ 22న, వైద్యసిబ్బందిపై చేయెత్తినవారిని శిక్షించుటకై 1897 నాటి సాంక్రామిక వ్యాధుల చట్టమును ఆర్డినెన్సుచేత సవరింపవలసివచ్చెను. దేశములో అనేక పట్టణములలో అద్దె ఇండ్లవారు నర్సులను గదులు ఖాళీ చేయుమనిరి. పీపీఈ దుస్తులలో ఆరేసి గంటలు నీరు త్రాగక, మరుగుదొడ్డికి పోక పనిచేసి వచ్చిన మనిషికి గడపలో ఎదురైన మాట అది.

అద్దె గది యనగానే డాక్టర్ ప్రభాకరరెడ్డి గుర్తు వచ్చును. పాత్రలు ధరించి పేరు తెచ్చుకొన్న పిమ్మట ఆయన, తలదాచుకొన చోటులేని సినీ కార్మికుల కొరకు మణికొండలో తన పదెకరముల భూమి నిచ్చెను. చిత్రపురి కాలనీ నేడు ఆయన పేరనే ఉన్నది. లైట్లు మోయువారికి, సెట్లు కట్టువారికి ఇల్లుండవలెనని తలచినవాడు వైద్యము చదివినవాడగుట యాదృచ్ఛికము కాదని నాకు తోచును. కాని వైద్యశాలల పనివారికై, ఇన్ని ధర్మసంస్థలు వెలసిన ఈ గుట్టల మీద, నేనెరిగినంతలో ఎవరును అట్టి కాలనీ తలపెట్టలేదు. రాత్రి నర్సులలో పెక్కుమంది కొండ దిగి కృష్ణానగరు, రహమత్‌నగరు, యూసుఫ్‌గూడ సందులలో నలుగురైదుగురు కలిసి అద్దె గదులలో ఉందురు. అదే సందులలో జూనియర్ ఆర్టిస్టులును ఉందురు. వారు తెల్లవారుజామున కాల్‌షీటుకై లేచునప్పటికి వీరు ఇంకను వార్డులో ఉందురు. వీరు వచ్చి నడుము వాల్చునప్పటికి ఎండ కిటికీలోనికి వచ్చును. అందువలన ఏ గది రాత్రి డ్యూటీవారిదో బయటినుండియే తెలియును: కిటికీకి మందపు దుప్పటి మేకులతో కొట్టియుండును.

ఆ ఉదయము ఆటోలో పోయిన నర్సు ఏ సందులో దిగినదో నాకు తెలియదు. కాని మరియొకనాడు కృష్ణానగరులో అట్టి దుప్పటి కట్టిన కిటికీ క్రింద పిల్లలు క్రికెట్ ఆడుచుండిరి. మెట్లమీద కూర్చుండి చింతపండు గింజలు తీయుచున్న ఒక స్త్రీ, తానును ఏదో చిత్రములో గుంపులో నిలుచునదే కాబోలు, కళ్లక్రింద నిన్నటి మేకప్ మరక ఇంకను ఉన్నది, లేచి వచ్చి పిల్లల చేతిలోని బంతిని తీసికొని, "అవతలి సందులో ఆడుకోండ్రా. పైన సిస్టరమ్మ నైట్ డ్యూటీ చేసి పడుకుంది" అని చెప్పి, మరల పోయి తన చింతపండు ముందర కూర్చుండెను.